స్విచ్ ఆపినా ఆగని మంట

ఈ రోజు ఆదివారం కాబట్టి, పదో తరగతి పిల్లలకు ఇవ్వవలసిన ప్రశ్నపత్రాన్ని తీరుబడిగా టైపు చేసుకుందామని పొద్దున్న పదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రెండు పేజీలు పూర్తయ్యేసరికి, చేదుగా గొంతులో పట్టుకునే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. వంటింట్లో ఏదో మాడిందనుకుని అమ్మను పిలిస్తే, "నా దగ్గర ఏటీ మాడనేదురా, నీ గదిలోనే ఏదో కాల్తంది" అంటూ ఆమే గుమ్మం దాకా వచ్చింది.

అప్పుడు వంగి చూశాను. కేబినెట్ పక్క రేకుకు ఉన్న గుండ్రటి చిల్లుల్లోంచి నల్లటి పొగ సన్నటి దారంలా పైకి లేస్తోంది. లోపల, హార్డ్ డిస్కు వెనక, వేలిగోరంత పసుపు మంట నిలకడగా వెలుగుతోంది. కరిగిన ప్లాస్టిక్ చుక్కలు చుక్కలుగా అడుగున ఉన్న రేకు మీద పడుతోంది, పడిన ప్రతి చుక్కా ఒక క్షణం వెలిగి ఆరిపోతోంది.

వెంటనే గోడ మీది స్విచ్ ఆపాను, అయినా మంట ఆగలేదు. కేబినెట్‌లోని ఫ్యాను తిరుగుతూనే ఉంది, తెర మీద ప్రశ్నపత్రం అలాగే ఉంది, బల్ల కింద ఉన్న యూపీఎస్ మాత్రం కరెంటు పోయినప్పుడు మోగినట్టే కీచుమని మోగడం మొదలుపెట్టింది. నేను గోడ నుంచి వచ్చే కరెంటును ఆపాను గాని, యూపీఎస్‌లోని బ్యాటరీ ఆ మంటకు కరెంటు అందిస్తూనే ఉందన్నమాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటిన తరువాత మా వీధిలో కరెంటు లేక పడిన అవస్థ చూసి, రాస్తున్న పని మధ్యలో పోకూడదని కొన్న యూపీఎస్ అది. కరెంటు పోయినా కంప్యూటర్‌ను ఆరిపోనివ్వకపోవడమే దాని పని, ఈ పొద్దున్న కూడా అది తన పనే చేసింది.

ఈలోగా అమ్మ పెరట్లోంచి నీళ్ల బకెట్టుతో వచ్చేసింది. "ఆగమ్మా, నీళ్లు పోయొద్దు, లోపల ఇంకా కరెంటుంది" అని గట్టిగా అరిచాను. అమ్మ మీద అంత గొంతెత్తడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది, కాని ఆ నీళ్లు పడి ఉంటే అమ్మకే షాకు కొట్టి ఉండేదేమో. బల్ల కిందికి దూరి, యూపీఎస్ వెనక నుంచి కంప్యూటర్ తీగను లాగేశాను. ఫ్యాను ఆగింది. నాలుగైదు క్షణాల్లో మంట చిన్నదై, ఎర్రటి చుక్కగా మారి, తనంతట తానే ఆరిపోయింది. కేబినెట్ మూత తీయాలనిపించినా, తీస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుందేమోనని తీయలేదు. కిటికీలు తెరిచి, అమ్మను, పాపను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, నేనూ బయటికి వచ్చేశాను. తీగల మీది పీవీసీ ప్లాస్టిక్ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు పుడుతుంది కాబట్టి ఆ పొగ గొంతుకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

మధ్యాహ్నం, కేబినెట్ పూర్తిగా చల్లారాక, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి కబురు పెట్టాను. అతను మా బడిలోనే చదువుకున్నాడు. వచ్చి, మూత విప్పి, నల్లగా ముద్దకట్టిన ఒక చిన్న కనెక్టర్‌ను నా అరచేతిలో పెట్టి, "మాస్టారూ, దీనిదేనండి తప్పంతా, మిగతా కంప్యూటర్ ఏమీ చేయలేదండి" అన్నాడు. రెండేళ్ల క్రితం నాన్నగారి ఫోటోలు దాచుకోవడానికి రెండో హార్డ్ డిస్కు పెట్టినప్పుడు, దానికి కరెంటు అందించే సాటా రకం ప్లగ్గు ఖాళీగా లేక, మోలెక్స్ అనే పాత రకం నాలుగు పిన్నుల ప్లగ్గు నుంచి సాటాకు మార్చే అడాప్టర్‌ను నేనే కొని తగిలించాను. మాడింది అదే. ధర తక్కువని కొన్నాను గాని, అది ఎలా తయారైందో చూడలేదు.

అడాప్టర్లు రెండు రకాలని అతను చూపించాడు. ఒక రకంలో తీగలు ఒక్కొక్కటీ తన గాడిలో బిగుసుకుని ఉంటాయి, వెనక మూత తీస్తే విడివిడిగా కనిపిస్తాయి. నాది రెండో రకం: తీగలను అచ్చులో పెట్టి, వాటి మీద వేడి ప్లాస్టిక్ పోసినది. సాటా ప్లగ్గులో 15 పిన్నులు, ఒక్కో పిన్నుకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు మాత్రమే. ప్లాస్టిక్ పోసేటప్పుడు తీగ కాస్త పక్కకు జరిగితే 12 వోల్టుల తీగకూ ఎర్త్ తీగకూ మధ్య కాగితమంత ప్లాస్టిక్ పొరే మిగులుతుంది. అది వేడికి మాడి బొగ్గయితే, బొగ్గులోంచి కరెంటు పారుతుంది. పారిన కొద్దీ ఇంకా వేడెక్కి, ఇంకా మాడుతుంది.

మరి కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే మీటరు దగ్గరి స్విచ్, ఎంసీబీ, ఎందుకు పడలేదని అడిగాను. అతను చెప్పిన లెక్క నాకు ఇంకా మనసులోంచి పోవడం లేదు. 12 వోల్టుల వద్ద 15 ఆంపియర్లు పారినా 180 వాట్లే, గోడ దగ్గర 230 వోల్టుల లైను మీద అది ఒక ఆంపియర్ కూడా కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మరో రెండు ఫ్యాన్లు వేసినంత లెక్క. గోడ కరెంటును 12 వోల్టులకు మార్చి కంప్యూటర్‌కు అందించే 450 వాట్ల పవర్ సప్లై పెట్టె కూడా కంప్యూటరే ఆ కరెంటును అడుగుతోందనుకుని ఇస్తూ పోయింది. తప్పు జరుగుతున్నట్టు ఏ రక్షణకూ తెలియదు, తెలిసేది మన ముక్కుకు మాత్రమే.

సప్లై పెట్టెను విప్పి చూద్దామంటే అతను ఒప్పుకోలేదు. తీగ పీకేసినా అందులో కరెంటును నిలవ ఉంచుకునే పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు 325 వోల్టుల దాకా నిలిచి ఉంటుందట. హార్డ్ డిస్కు మాత్రం బతికింది. షార్టు 12 వోల్టులకూ ఎర్త్‌కూ మధ్య జరగడం వల్ల డిస్కులోకి తప్పుడు వోల్టేజి వెళ్లలేదని అతను వివరించాడు. మసి పట్టిన పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, నాన్నగారు నాగావళి ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడిన ఫోటో తెరిచి చూపించేదాకా నేను కుర్చీలో సరిగా కూర్చోలేకపోయాను.

సాయంత్రం యూపీఎస్‌ను బల్ల కిందినుంచి తీసి, చేతికి అందేలా పక్క బల్ల మీద పెట్టాను. కంప్యూటర్ తీగ ప్లగ్గుకు ఎర్ర టేపు చుట్టి అమ్మకూ, పాపకూ చూపించాను. అమ్మ దాన్ని పట్టుకుని, "ఇదేనా పీకాల్సింది?" అని రెండుసార్లు పీకి, రెండుసార్లు తనే మళ్లీ పెట్టింది.