మేకు చుట్టూ నల్లబడ్డ చెక్క

చిన్నాన్న పడవను బాగుచేయాలా, అదే రూపంలో కొత్తది కట్టాలా అన్న తర్జనభర్జన ఈ వారంతో తేలిపోయింది. కొత్తదే కడుతున్నాను. మా ఇంట్లో ఈ మాట ఇంకా అందరికీ మింగుడుపడలేదు. అందుకే ఎలా తేల్చుకున్నానో వివరంగా రాస్తున్నాను. పాత పడవను ఎదురుగా పెట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోతున్నవాళ్లకూ పనికొస్తుంది.

పద్నాలుగు అడుగుల పడవ అది. తెడ్లతో నడుస్తుంది, గాలి కలిసొస్తే చిన్న తెరచాప. ఉప్పునీళ్ల మొహం చూడలేదు. పైపైన చూస్తే రంగు పెచ్చులూడటం తప్ప పెద్ద జబ్బేమీ కనిపించదు.

నీళ్లలో మునిగి ఉండే అడుగే ముందు పుచ్చుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెక్కను తినే బూజుకు తేమా కావాలి, గాలీ కావాలి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది పెరగలేదు. నీళ్లు పూర్తిగా పీల్చుకున్న చెక్కలో గాలి ఉండదు గనక అక్కడా బతకలేదు. కాబట్టి వెతకాల్సింది వాననీళ్లు నిలిచే చోట: కూర్చునే బల్లల కింద, పై అంచు పట్టీ వెనక, చుక్కాని దగ్గరి మూలల్లో. ఆరెతో అడ్డంగా గుచ్చి పైకి లేపితే గట్టి చెక్క నుంచి పొడుగాటి పేడు లేస్తుంది, పుచ్చిన చెక్క పొట్టిగా పుటుక్కున విరుగుతుంది. మా పడవలో ఇలాంటి చోట్లు కొన్నే దొరికాయి. అక్కడికి నేను బాగుచేయడం వైపే ఉన్నాను.

తర్వాత మేస్త్రీగారు వచ్చారు. అడుగు దూలం కింద ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి పట్టించారు. మధ్యలో దారానికీ దూలానికీ నడుమ రెండు వేళ్లు దూరాయి. పడవ నడుం పైకి లేచి కొసలు వాలిపోయాయన్నమాట. కొసలు సన్నంగా ఉండటం వల్ల నీరు వాటిని మోసేది తక్కువ, నడుమను మోసేది ఎక్కువ. ఏళ్ల తరబడి అలా ఉంటే దూలం వంగుతుంది. ఇదీ సరిచేయలేనిదేం కాదు. కొసల కింద దన్నులు పెట్టి, నడుమ బరువు పెట్టి, తొందరపడకుండా దించుకుంటూ రావచ్చు.

నన్ను నిలబెట్టేసింది మేకు. మేస్త్రీగారు ఒక పలక నుంచి ఇనుప మేకు లాగారు. పట్టుకారు పెట్టగానే చేతికొచ్చేసింది. తల లావుగానే ఉంది, చెక్కలో ఉన్న భాగం మాత్రం గుండుసూదిలా అరిగిపోయింది. ఆ కన్నం చుట్టూ రూపాయి బిళ్లంత మేర చెక్క నల్లబడి మెత్తబడింది. తడి చెక్కలో ఇనుము తుప్పుపడుతూ తన చుట్టూ ఉన్న నారను కూడా పాడుచేస్తుంది. మేకుకూ మేకుకూ మధ్య పలక చేవగానే ఉంటుంది, మేకు పట్టాల్సిన చోటే పట్టు ఉండదు. ఇంకో నాలుగు చోట్ల లాగించాను. అన్నీ అంతే. ఆ మేకులు దిగిన పక్కటెముకలదీ, అంటే లోపలి వైపు పలకల్ని పట్టి ఉంచే వంపు కర్రలదీ, అదే కథ.

స్వీడన్ వాళ్ల వాసా ఓడ గుర్తొచ్చింది. 1628లో మునిగింది, 1961లో పైకి తీశారు. నీటి అడుగున దాని ఇనుప బోల్టులు తుప్పులో కలిసిపోయాయి. పైకి తీశాక బిగించినవీ తుప్పుపడుతుంటే, వేల బోల్టులను మళ్లీ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయాల్సి వచ్చింది. అది మ్యూజియంలో ఉండే ఓడ. మా పడవ మనుషుల్ని ఎక్కించుకుని తిరగాలి.

"పలకలు మార్చాలి, ఎముకలు మార్చాలి, దూలం తిన్నగా చేయాలి. వంగిన దూలం మీద కొత్త పడవ కడతానంటున్నారు బాబూ. దానికన్నా కొత్త దూలం మీద కట్టండి, తిన్నగా వస్తుంది" అన్నారు మేస్త్రీగారు.

రాగి మేకులతో కట్టిన పడవై, దూలం తిన్నగా ఉండి, పలకలు కొన్నే పోయి ఉంటే మరో ఆలోచన లేకుండా బాగుచేసేవాణ్ణి. ఇంకో రెండు సలహాలు కూడా వచ్చాయి, రెండూ వద్దనుకున్నాను. ఎండిన పడవ సందుల్లో గట్టిపడే లప్పం కూరితే, నీళ్లలో దిగి పలకలు ఉబ్బినప్పుడు చోటు చాలక మేకుల్ని తెంపుతుంది. పుచ్చు మీద ఫైబర్‌గ్లాస్ తొడిగితే లోపలి తేమ లోపలే ఉండిపోయి, బూజు కంటపడకుండా పనిచేసుకుపోతుంది.

పిన్ని మాత్రం ఒకటే అడిగింది. "మీ చిన్నాన్న చెయ్యి పడిన చెక్క ఒక్కటీ లేనప్పుడు అది ఆయన పడవ ఎట్లా అవుతుందిరా?" నాకూ అదే బాధ. డెన్మార్క్‌లో రోస్కిల్డె దగ్గర 1962లో నీటి అడుగు నుంచి తవ్వి తీసిన వైకింగ్ ఓడల గురించి చెప్పాను. వాటిలో పొడవైన దాన్ని చూసి, నాటి పద్ధతుల్లోనే కొత్త ఓడ కట్టి 2004లో నీళ్లలో దించారు. 2007లో అది సముద్రం మీద డబ్లిన్ దాకా వెళ్లింది. పాత చెక్కలు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి, కట్టినవాళ్ల పనితనం ఏంటో కొత్త ఓడ నీళ్లలో తేలినప్పుడు తెలిసింది. చిన్నాన్న పనితనం కూడా ఆ ఒంపులోనే ఉంది: ముక్కు దగ్గర సన్నగా మొదలై, నడుమ పొట్ట విచ్చుకుని, వెనక మళ్లీ లేచే ఒంపు. అలకు ఎదురెళ్లినా ఒళ్లోకి నీళ్లు రానివ్వని పడవ అది. పిన్ని ఊఁ అంది, ఒప్పుకున్నట్టు మాత్రం లేదు. పాత పడవను ముక్కలు చేయనని మాటిచ్చాను.

ఇప్పుడు కొలతలు తీస్తున్నాం. రూపం చెదరకుండా లోపల అడ్డకర్రలు బిగించి, అడుగుకో చోట పక్కల ఒంపు తీసుకుంటున్నాం. ఉన్నది ఉన్నట్టు దించితే వంగిన నడుం కూడా కొత్తదానికి వచ్చేస్తుంది. అందుకే కొలతల్ని నేల మీద పూర్తి సైజులో గీసి, సన్నని బద్దెను వాటి మీదుగా వంచి, ఎక్కడ గూను కనిపిస్తే అక్కడ సరిచేస్తున్నాం. ఈసారి అన్నీ రాగి మేకులే. చేవ చెక్క తప్ప పైనుండే తెల్లచెక్క ఒక్క ముక్క కూడా రానివ్వను. కోసిన పలకలు నీడన ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. మావి ముప్పావు అంగుళం, ఈలోగా అచ్చులు తయారుచేసుకుంటాం. తెడ్లు, చుక్కాని పాతవే వాడతాం, వాటికి పుచ్చు లేదు.