నిమ్మతోటలో ఎనిమిది కాళ్ళ చీమ

పొదలకూరు దగ్గర మా అత్తవారికి నిమ్మతోట ఉంది. 2022 నవంబరులో రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు ఉదయం తెరిపి ఇచ్చింది. ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమల బారు ఒక కొమ్మ మీద నడుస్తోంది. ఒక చీమ మాత్రం బారుకు జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. మిగతా చీమలు దగ్గరికి వస్తే వెనక్కి తగ్గుతోంది. ఒకటి మరీ దగ్గరికి రాగానే ఆకు అంచు నుంచి సన్నని దారం తీసి కిందికి వేలాడింది. చీమ దారం తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఫోటో తీసి, పెద్దది చేసి, కాళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిది. ముందరి కాళ్ళ జతను పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది, అంతే.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. కీటకాలకు ఆరు కాళ్ళు, సాలీళ్ళకు ఎనిమిది అని పన్నెండేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఆ తోటలో తిరుగుతున్నాను. ఆ ఉదయం దాకా ఒక్క చీమ కాళ్ళయినా లెక్కపెట్టి చూడలేదన్న సంగతి నన్ను చాలా కలవరపెట్టింది.

ఆ రాత్రే ఫోనులో ఐ-నేచురలిస్ట్ యాప్ పెట్టుకున్నాను. 2008లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ చదువులో భాగంగా మొదలుపెట్టిన ఏర్పాటు అది. మనం చూసిన ప్రాణి ఫోటోతో పాటు చూసిన తేదీ, చోటు ఇవ్వాలి. తెలిసినవాళ్ళు అది ఏ జాతో చెబుతారు. చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు మీద నిలిస్తే ఆ నమోదుకు పరిశోధన స్థాయి వస్తుంది. పరిశోధకులు వాడుకునే ప్రపంచ జీవవైవిధ్య సమాచార నిధికి అలాంటి నమోదులే చేరతాయి. అంటే నేను పెట్టే తేదీని, చోటును నమ్మి ఎక్కడో ఎవరో ఒక పటం గీసుకుంటారు. ఆ మాట నా మనసుకు ఎక్కడానికి కొన్ని వారాలు పట్టింది.

ఎందుకంటే మొదటి రాత్రి నేను చేసింది పెద్ద పొరపాటు. ఒక్క కూర్చోవడంలో నలభై మూడు ఫోటోలు ఎక్కించాను. యాప్ సూచించిన మొదటి పేరునే ప్రతిదానికీ ఒప్పుకున్నాను. వాటిలో సగం మా పిల్లలు వాట్సాప్‌లో పంపినవి. అలా పంపిన ఫోటోల్లో తీసిన సమయం, చోటు చెరిగిపోతాయని నాకు తెలియదు. ఖాళీగా కనబడిన గడిలో ఆ రోజు తేదీ వేసి, చోటు అడిగితే నెల్లూరులోని మా ఇల్లు చూపించాను. ఉదయగిరి కొండ మీద వేసవిలో తీసిన సీతాకోకచిలుక మా వీధిలో నవంబరులో ఎగిరినట్టు నమోదయింది.

రెండు రోజుల తర్వాత ఒకాయన చాలా మర్యాదగా అడిగారు. "ఇది మీరే చూశారా? ఎప్పుడు చూశారు?" అంతకు మించి ఒక్క మాట లేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని, నేను కళ్ళారా చూడని పంతొమ్మిది నమోదులు తీసేశాను. మిగిలిన వాటికి తేదీలు సరిచేశాను. ఎవరికీ నష్టం జరగలేదని సరిపెట్టుకోవచ్చు కానీ, నేను సరిపెట్టుకోలేదు. తప్పు పేరును పదిమంది చూసి దిద్దుతారు. తప్పు చోటును దిద్దగలిగేది చూసిన మనిషి ఒక్కరే.

అప్పటి నుంచి పుస్తకం పెట్టాను. పేరు గడి చివరన ఉంటుంది. ముందు తేదీ, వేళ, ఊరు, ఏ చెట్టు, ఆకు పైనా కిందా, ఏం చేస్తోంది. ఫోటో తీసిన చోటే నిలబడి రాస్తాను. ఇంటికి వచ్చి గుర్తు చేసుకుని రాసినవి నమ్మదగ్గవి కావని తేలింది. వేపచెట్టు బెరడు మీద చూసిన జోడుతోకల సాలీడును ఒకసారి మామిడి మీద అని రాశాను.

ఫోటో తీయడం వేరే విద్య. మొదట్లో అన్నీ పైనుంచే తీసేదాన్ని. ముఖం కూడా కావాలని యాప్‌లోని వాళ్ళు అడిగితే ఆశ్చర్యపోయాను. సాలీళ్ళలో చాలావాటికి ఎనిమిది కళ్ళు. ఆ కళ్ళ అమరిక చూస్తే కుటుంబం తెలిసిపోతుంది. గోడల మీద ఈగలను పట్టే గెంతే సాలీళ్ళకు ముందు రెండు కళ్ళు లారీ దీపాల్లా పెద్దవి. వరిచేలో సుడిదోమను తినే తోడేలు సాలీడుకు కింద వరుసలో నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు. కాళ్ళ నిండా ముళ్ళున్న ఆకుపచ్చ లింక్స్ సాలీడుకు ఎనిమిదింటిలో ఆరు కళ్ళు షట్కోణంలో ఉంటాయి. ఇది తెలిశాక పైనుంచి ఒకటి, ముఖం ఒకటి, వీలైతే పొట్ట కింద ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీస్తున్నాను. ఫోను కెమెరాకు తగిలించే చిన్న భూతద్దం తప్ప వేరే కెమెరా లేదు.

అన్నిటికంటే పనికొచ్చిన వస్తువు మా అత్తయ్య పాత గొడుగు. దాన్ని తెరిచి తలకిందులుగా కొమ్మ కింద పట్టుకుని, కర్రతో కొమ్మను రెండుసార్లు తట్టాలి. గట్టిగా కొడితే కాయలు రాలతాయి, మావయ్య ఒప్పుకోరు. గొడుగులో రాలినవాటిని చూస్తే ఒక్క నిమ్మకొమ్మ మీద ఇంత బతుకు ఉందా అనిపిస్తుంది: అక్షింతల పురుగులు, వాటి పిల్లలు, చిన్న చిన్న పెంకుపురుగులు, ఆవగింజంత సాలీళ్ళు. ఫోటోలు తీసి గొడుగును అదే చెట్టు మొదట్లో మెల్లగా వంచేస్తాను. వేటినీ చంపి దాచను. రక్షిత అడవుల్లో ప్రాణులను పట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. నా తిరుగుడంతా పొలాల్లో, కంచెల వెంట, ఇళ్ళ చుట్టూనే.

మాకు మంచి కాలం కార్తికం. జూన్‌లో ఆకాశం చూసుకునేవాళ్ళు వేరు, నెల్లూరుకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలదే. ఆ తడికి చెట్ల మధ్య ఆర్జియోపి సాలీళ్ళు గూళ్ళు కడతాయి. నాలుగు జతల కాళ్ళనూ రెండేసి చొప్పున కలిపి గుణకారం గుర్తులా చాపుకుని కూర్చుంటాయి, గూటి మీద తెల్లని దారంతో వంకీలు అల్లుతాయి. మా అత్తయ్య ఆ వంకీలను చూసి "ఎవరో జడ వేసినట్టుంది" అన్నారు. పుస్తకంలో ఆ మాటే రాసుకున్నాను. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మా తోటలోని గూళ్ళన్నీ ఊడ్చేసింది. వారం తర్వాత బావి పక్క వరుసల్లో వెతికితే ఆరు కొత్త గూళ్ళు కనిపించాయి. ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఉంచుకోకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంది.

మా పుట్టిల్లు కనిగిరి వైపు మెట్ట పల్లె. అక్కడ నాన్న పొలం చుట్టూ రేగుకంప, సర్కారు తుమ్మ కలిసిన ముళ్ళకంచె. ఆ కంచెలో ఎండుటాకులు, ఈగల రెక్కలు, మురికి పట్టిన పత్తిలాంటి ముద్దలు చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. పాత సాలెగూళ్ళు అనుకునేవాళ్ళం. 2023 సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక ముద్ద ముందు గంటసేపు కూర్చున్నాను. ఒక మిడత దాని పక్కన పరచిన వలలో పడి కొట్టుకుంది. ముద్దలోని రంధ్రం నుంచి ఒక సాలీడు వచ్చింది, దాని వెనక మరొకటి, తర్వాత నాలుగైదు. తలో కాలు పట్టుకుని మిడతను రంధ్రం వైపు లాగడం మొదలుపెట్టాయి. సాలీళ్ళు ఒంటరి వేటగాళ్ళని పాఠం చెప్పిన నోటితో నాన్నను కేకేసి పిలిచాను.

వాటి పేరు స్టెగోడైఫస్ సరసినోరం, గుంపుగా బతికే సాలీడు. ఒకే గూట్లో పదుల నుంచి వందల దాకా ఉంటాయి, అందులో ఆడవే చాలా ఎక్కువ. వాటి వల జిగురుతో పట్టదు, ఉన్నిలాంటి సన్నని దారపు నూగుతో పట్టేస్తుంది. తల్లి తాను తిన్నదాన్ని కక్కి పిల్లలకు పెడుతుంది, చివరికి పిల్లలు తల్లినే తినేస్తాయి. ఇది చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కంప ఈ ఏడు తగలబెట్టించకండి" అని నాన్నతో చెప్పింది. కంచె పొడవునా నడిచి గూళ్ళు లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ లెక్కపెడుతున్నాను.

ఆ పల్లెలో పెద్దవాళ్ళతో కూర్చుంటే పేర్ల సంగతి బయటపడింది. ఆరుద్ర కార్తె వానలకు ఎర్రనేల మీద మఖమలు ముక్కల్లా పాకే ఆరుద్ర పురుగును అందరూ పురుగు అనే అంటాం. దానికి కాళ్ళు ఎనిమిది, అది సాలీడుకు చుట్టం. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచిన జీరంగి నిజంగానే పెంకుపురుగు. గొల్లభామ అంటే ఒక ఊళ్ళో ముందుకాళ్ళు జోడించి నిలబడేది, పక్క ఊళ్ళో పచ్చమిడత. అందుకే స్థానిక పేరుకు వేరే గడి పెట్టి, పక్కన ఏ ఊళ్ళో విన్నానో కూడా రాస్తున్నాను. ఆ గడిని శాస్త్రీయనామం ఉన్న గడికంటే తక్కువగా చూడను.

రాత్రి నడకలు కొంచెం జాగ్రత్త అడుగుతాయి. టార్చిని కణత దగ్గర పెట్టుకుని గట్టు మీద చూస్తే తోడేలు సాలీళ్ళ కళ్ళు మంచుబొట్లలా మెరుస్తాయి. అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్ళు పచ్చనీలం కాంతితో వెలుగుతాయి, రాళ్ళ కింద ఎన్ని ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. ఎర్రతేలు కుడితే ప్రాణాల మీదికి వస్తుంది. మోకాలి దాకా బూట్లు లేకుండా, తోడు లేకుండా నేను వెళ్ళను, పిల్లలను రాత్రిపూట తీసుకెళ్ళను.

మా వాళ్ళు తరచూ అడిగేది నీలి సాలీడు గురించి. గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికిన దాన్ని చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పొసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. దాని అసలు నివాసం అక్కడ కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోని చెట్ల తొర్రలు. రైలెక్కిన కలపతో గుత్తి చేరిందని భావిస్తారు. లోహంలా మెరిసే ఆ నీలమే దానికి శత్రువైంది. పెంచుకోవడానికి కొనేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. అడవి కూడా తరిగిపోతోంది. అది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ, అంటే దాని దగ్గరి చుట్టాలైన జాతులన్నిటినీ, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. నేను దాన్ని వెతకడానికి వెళ్ళలేదు, వెళ్ళను. ఇలాంటి ప్రాణుల చోటును యాప్ సుమారు ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చూపి అసలు చోటు దాచేస్తుంది. మనంతట మనం కూడా దాచవచ్చు. చోటు సరిగ్గా రాయాలని ఇంత పట్టుపట్టే నేను, ఒక్కోసారి చోటు చెప్పకపోవడమే సరైన నమోదు అని అక్కడే నేర్చుకున్నాను. ఊరి పేరు అడిగినవాళ్ళకు చెప్పకుండా ఉండడం మా బంధువుల్లో కష్టమైన పనే.

తోటలో మావయ్యతో ఒక ఒప్పందం కుదిరింది. నిమ్మ సీతాకోకచిలుక గొంగళ్ళు లేత చిగుళ్ళు తినేస్తాయని ఆయన మందు కొట్టిస్తారు. ఆ గొంగళి చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ము తీసి ఘాటు వాసన వదులుతుంది. మందు కొట్టిన వారం గొడుగులో ఏం రాలిందో, కొట్టని చెట్టు కింద ఏం రాలిందో రెండు కాగితాల మీద ఫోటోలు అంటించి ఆయనకు చూపించాను. ఆయన ఏమీ వాదించలేదు. "బావి పక్క రెండు వరుసలూ నీవేనమ్మా, అక్కడ చేత్తో ఏరిస్తాను" అన్నారు.

ఇక ఆ ఎనిమిది కాళ్ళ చీమ. మొదటి ఫోటోతో గెంతే సాలీళ్ళ కుటుంబం దాకే చెప్పగలిగారు. ఐదు నెలలకు ముఖం దొరికింది. జాతి తేలింది: మిర్మాప్లాటా ప్లాటలియోయిడెస్. ఎర్రచీమలను అనుకరిస్తూ, వాటి పక్కనే బతుకుతూ, వాటికి తగలకుండా తప్పుకునే సాలీడు. 2024 జనవరిలో మగదాన్ని చూశాను. దాని దవడలు ఎంత పొడుగంటే, చీమ మరో చీమను నోట కరుచుకుని మోసుకుపోతున్నట్టే ఉంది. చేతులు వణికి మొదటి నాలుగు ఫోటోలు చెదిరిపోయాయి, ఐదోది కుదిరింది.

అన్నీ అలా తేలవు. కనిగిరి పొలం గట్టున రాతి కింద దొరికిన నల్లని నేలసాలీడు కుటుంబం దగ్గరే ఆగిపోయింది. ఇలాంటివాటికి జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప జాతి చెప్పలేరు. పేరు ఊహించి పెట్టమని ఒక మిత్రురాలు అంది, నేను పెట్టలేదు. తేదీ, వేళ, రాయి, గట్టు, పక్కనున్న కందిచేను, అన్నీ రాసి ఉన్నాయి. పేరు గడి ఖాళీగానే ఉంది. ఈ కార్తికంలో మళ్ళీ ఆ రాయి దగ్గరికి వెళ్తున్నాను, ఈసారి ముఖం ఫోటో కోసం.