తమ్ముడి చూపు, మందుల వార్తలు

మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే కంటి లోపలి రెటీనా పొర మెల్లమెల్లగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు. చీకటి పడితే వైజాగ్ బీచ్ రోడ్డులో అన్ని లైట్ల మధ్య కూడా నా చెయ్యి పట్టుకునే నడుస్తాడు. "మందు వచ్చిందట" అని ఎవరు ఏది పంపినా అమ్మకు ముందు ఆశ, తర్వాత టెన్షన్.

మొన్న డాక్టరు గారు ఓపిగ్గా వివరించారు. ఈ జబ్బులో ముందు పోయేవి మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు. అవి వాడుకునే ఆక్సిజన్ మిగిలిపోయి, చదవడానికీ మొహాలు గుర్తుపట్టడానికీ కావలసిన కోన్ కణాలను దెబ్బతీస్తుందట. ఆ దెబ్బను తగ్గిస్తుందేమోనని ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌ను పరీక్షిస్తున్నారు. కఫం పలచబడటానికి ఎప్పటినుంచో వాడుతున్న మందే! 2020లో ప్రచురించిన చిన్న ట్రయల్ ఫలితాలు నిజంగానే ఆశ పెట్టాయి. కానీ డమ్మీ మందుతో పోల్చే పెద్ద ట్రయల్‌లో అది నిలబడాలి.

"మెడికల్ షాపులో దొరికేదేగా, వేసేద్దాం అక్కా" అన్నాడు తమ్ముడు. వాడి ఆత్రం నాకు అర్థమవుతుంది. అయినా వద్దన్నాను. విటమిన్ ఎ మాత్రలూ అంతే, సొంతంగా వేసుకోకూడదు; స్టార్‌గార్ట్ అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బులో అవి హాని చేయొచ్చు. అమెరికాలో 2017లో అనుమతి పొందిన లక్స్‌టర్నా జీన్ థెరపీ (కణాలకు సరైన జన్యువును అందించే చికిత్స) కూడా ఆర్‌పీఈ65 జన్యువులో లోపం ఉన్నవాళ్లకే.

అందుకే ముందు ఏ జన్యువో తెలియాలి. తమ్ముడి రక్తం జీన్ టెస్ట్‌కి ఇచ్చాం. మేనరికాలున్న ఇళ్లలో పిల్లలకు రేచీకటి కనిపిస్తే దయచేసి రెటీనా డాక్టరుకు చూపించండి.