తాతయ్య కోర్టులో మేరినర్స్ కేసు

2023లో థాంక్స్‌గివింగ్ ముందురోజు రాత్రి మావాడు అన్నం కెలుకుతూ కూర్చున్నాడే గానీ ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు. అప్పటికి వాడికి పదకొండేళ్లు. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరం లేదు. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగింది. అదీ లేదు. చివరికి వాడే అన్నాడు: "జీనోని ట్రేడ్ చేసేశారు."

జీనో అంటే యూహేనియో సువారెజ్. మా ఊరి బేస్‌బాల్ జట్టు సియాటెల్ మేరినర్స్‌కి థర్డ్ బేస్ ఆడేవాడు. ఆ ఏడాది 162 ఆటల్లో ఒక్కటి కూడా మానలేదు. 22 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు, 214 సార్లు బంతిని కొట్టలేక స్ట్రైకవుట్ కూడా అయ్యాడు. కొట్టినా కొట్టకపోయినా నవ్వు మాత్రం చెరగని మనిషి. అలాంటివాణ్ని అరిజోనాకి ఇచ్చేసి, బదులుగా బంతి విసిరే ఒక పిచ్చర్‌నీ, దాన్ని పట్టే ఒక బ్యాకప్ క్యాచర్‌నీ తెచ్చుకున్నారు. స్ట్రైకవుట్లు తగ్గించుకోవడానికని జట్టువాళ్లు చెప్పారు. జీతం మిగుల్చుకోవడానికని ఊరంతా చెప్పుకుంది.

"ఆటగాళ్లు వస్తుంటారు, పోతుంటారు, తిను" అన్నాను నేను. అనకుండా ఉండాల్సింది.

సరిగ్గా అప్పుడే తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాన్న వీడియో కాల్. మాకు రాత్రి ఎనిమిదైతే అక్కడ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. టిఫినయ్యాక ఫోన్ చెయ్యడం ఆయనకి అలవాటు. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ఇక్కడికి వచ్చేయమని ఏటా అడుగుతాం, ఏటా ఏదో ఒకటి చెబుతాడు. ఒక ఏడు కోతలు, ఒక ఏడు మోకాళ్లు, ఇంకో ఏడు గేదె.

తాతయ్యతో మావాడి తెలుగు అప్పటికి మూడు వాక్యాలు: "బాగున్నా తాతయ్యా. తిన్నా తాతయ్యా. అమ్మకిస్తున్నా." నాలుగేళ్లు ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్లాం. శతక పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పేవాడు. ఎవరైనా తెలుగులో ప్రశ్న అడిగితే మాత్రం ఇంగ్లీషులోనే జవాబు. పాపం, టీచర్ల తప్పేం లేదు. వాళ్లు నేర్పిన తెలుగులో వాడికి పోట్లాడే విషయమేదీ లేదు.

ఆ రోజు ముఖం చూసి నాన్న "ఏమైందిరా?" అన్నాడు. వాడు మాటలు వెతుక్కున్నాడు. "మా టీం... జీనోని... అమ్మేసింది."

"మనిషిని అమ్మేశారా!"

"అంటే... ఇచ్చేసింది. వేరే టీంకి. నవ్వేవాడు తాతయ్యా. రోజూ ఆడాడు."

నాన్నకి బేస్‌బాల్ అంటే ఏంటో తెలీదు. ఒక్క క్షణం ఆలోచించి, "మన వార్నర్‌ని చేసినట్టా?" అన్నాడు.

అంతే. వాడికి వార్నర్ ఎవరో తెలీదు. తెలుసుకోవాల్సొచ్చింది. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ అనీ, ఆ సీజన్‌లో 848 పరుగులు చేశాడనీ, తెలుగు పాటలకి స్టెప్పులేసి ఇక్కడి ఇళ్లలో మనిషైపోయాడనీ చెప్పాడు నాన్న. అలాంటివాణ్ని 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు. తర్వాత జట్టులోంచే తప్పించారు. స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపుతూ కనిపించాడు. నెల తిరిగేసరికి ఆస్ట్రేలియాకి టీ20 ప్రపంచ కప్పులో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్. మావాడు కళ్లార్పకుండా విన్నాడు. అమ్మకిస్తున్నా అనలేదు. నలభై నిమిషాలు మాట్లాడాడు. అన్నం చల్లారిపోయింది, మళ్లీ వేడి చేసి పెట్టింది మా ఆవిడ.

ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బేస్‌బాల్ ఉండదు. మాటలే ఉంటాయి. ఎవర్ని కొనాలి, ఎవర్ని వదిలెయ్యాలి, జనరల్ మేనేజర్ బుర్ర ఉన్నవాడా లేనివాడా. పాత రోజుల్లో చలికి పొయ్యి చుట్టూ చేరి ఇవే మాట్లాడుకునేవాళ్లట, అందుకని ఈ కాలానికి హాట్ స్టోవ్ అని పేరు. మా ఊళ్లో చలిమంట చుట్టూ తువ్వాలు కప్పుకుని పంట ధరల గురించీ ఎమ్మెల్యే గురించీ చేసే పంచాయితీకీ దీనికీ పెద్ద తేడా నాకైతే కనిపించలేదు.

ఆ చలికాలం నుంచి మా ఇంట్లో కేసులు మొదలయ్యాయి. వాది మావాడు. ముద్దాయి మేరినర్స్ యాజమాన్యం. ఉద్యోగంలో బడ్జెట్లు చూసే నేను యాజమాన్యం తరఫు వకీలు. జడ్జి తాతయ్య. జడ్జికి ఇంగ్లీషు వాదన పనికిరాదు. మొదట్లో మావాడు నన్ను తెలుగు మాటలు అడిగేవాడు. ఎదుటి వకీలు దగ్గర మాటలు అరువు తెచ్చుకుంటే కేసు నిలవదని త్వరలోనే అర్థమైంది. సొంతంగా కూడబెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఫ్రంట్ ఆఫీసు చేసింది తాతయ్యా ఇదంతా" అంటే, "హోటల్లో ఉంటుందే, అదా?" అన్నాడాయన. కాదు, ఆటగాళ్లని తెచ్చేదీ పంపేదీ వాళ్లే అని చెప్పడానికి వాడికి పది నిమిషాలు పట్టింది. "పెత్తనం వాళ్లదీ, ఆట వీళ్లదీనా" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. మైనర్ లీగ్ జట్ల గురించి ఇంకా కష్టపడ్డాడు. టకోమాలో ఒక జట్టు, ఎవరెట్‌లో ఒకటి, అక్కడ కుర్రాళ్లు పెరుగుతారు, బాగా పెరిగినవాళ్లు పైకి వస్తారు. అమెరికా వాళ్లు దీన్ని ఫార్మ్ సిస్టమ్ అంటారని చెప్పగానే నాన్న తొడ చరిచాడు. "నారుమడి అని చెప్పరా! పీకి వేరే చేలో నాటతారు. అంతేగా?" అంతే. ఆ తర్వాత మా ఇంట్లో అలాంటి కుర్రాళ్లకి ప్రాస్పెక్ట్ అనే మాట మళ్లీ వినపడలేదు. నారే.

ఆరేళ్ల నిబంధన దగ్గర మాత్రం కోర్టు వేడెక్కింది. మేజర్ లీగులోకి వచ్చిన ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లూ దాదాపు వాళ్లిచ్చిందే జీతం. తర్వాత బేరం కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. ఆరేళ్లు దాటితేనే ఫ్రీ ఏజెంట్, నచ్చిన చోటికి పోవచ్చు. "పాలేరుతనం కదరా ఇది" అన్నాడు నాన్న. "కోట్లిచ్చే పాలేరుతనం" అన్నాను నేను. "ఎన్నిచ్చినా, గడువులోపల గడప దాటకూడదంటే ఏమంటారు దాన్ని?"

మావాడు నా వైపు తిరిగాడు. "నీది కూడా ఆరేళ్లే కదా నాన్నా?"

హెచ్1బీ సంగతి. మూడూ మూడూ ఆరేళ్లు. ఆ లోపల గ్రీన్ కార్డు ఫైలు కదిలితే ఆ తర్వాత పొడిగింపులు. నా విషయంలో పొడిగింపుల మీద పొడిగింపులు. మంచి ఆఫర్ వచ్చిన రెండుసార్లూ ఫైలు మళ్లీ మొదటికొస్తుందేమోనన్న భయంతో వదులుకున్నాను. ఈ సంగతి వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. పక్క గదిలో మా ఆవిడతో మాట్లాడుతుంటే విన్నట్టున్నాడు. ఆ రోజు వకీలు ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు వాడికి కర్ట్ ఫ్లడ్ కథ చెప్పాను. సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1969లో అతణ్ని ఫిలడెల్ఫియాకి ట్రేడ్ చేస్తే, నేను వస్తువుని కాదు, వెళ్లనన్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. 1975 చివర్లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో ఫ్రీ ఏజెన్సీ తలుపు తెరుచుకుంది, కానీ అప్పటికి ఫ్లడ్ ఆట అయిపోయింది. మర్నాడు వాడు ఈ కథంతా తాతయ్యకి తెలుగులో మళ్లీ చెప్పాడు. సుప్రీంకోర్టుని "పెద్ద కోర్టు" అన్నాడు. నాకు తట్టేది కాదు ఆ మాట.

నేను గెలిచిన కేసులూ ఉన్నాయి. సియాటెల్ పాతకాపు ఒకాయన మా ఆఫీసులో ఉండేవాడు, ఆయన దగ్గర విన్నవే నా సాక్ష్యాలు. 1998లో రాండీ జాన్సన్‌ని పంపేశారు. 2000 ఫిబ్రవరిలో గ్రిఫీ వెళ్లిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో అలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్లకి 252 మిలియన్ డాలర్లకి టెక్సస్‌తో సంతకం పెట్టాడు. ముగ్గురు దేవుళ్లూ పోయారు, గుడి మూతపడుతుందనుకున్నారు. జపాన్ నుంచి ఇచిరో వచ్చాడు, 2001లో జట్టు 116 ఆటలు గెలిచింది. "చూశారా, పెత్తందార్లకి తెలివి ఉంది" అన్నాను. "ఆ 116 గెలిచిన ఏడాది వరల్డ్ సిరీస్‌కి వెళ్లారా?" అన్నాడు మావాడు. వెళ్లలేదు. 1977లో పుట్టిన ఈ జట్టు, బేస్‌బాల్‌కి ఫైనల్ లాంటి ఆ సిరీస్‌కి 2025 దాకా ఒక్కసారి కూడా వెళ్లలేదు. ముప్పై జట్లలో ఆ ఘనత దీనికొక్కదానికే. గెలిచిన కేసు అనుకున్నాను గానీ, ఇది డ్రా అనుకోవాలి.

నేను చిత్తుగా ఓడిన కేసు 54 శాతానిది. 2023 అక్టోబరులో, ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోయాక, జట్టు పెద్ద జెర్రీ డిపోటో విలేకరుల ముందు ఒక లెక్క చెప్పాడు. పదేళ్లలో సగటున 54 శాతం ఆటలు గెలుస్తూ పోతే ఎప్పుడో ఒకప్పుడు వరల్డ్ సిరీస్‌కి చేరతామని. పైగా మేం అభిమానులకి మేలే చేస్తున్నామన్నాడు. ఊరు భగ్గుమంది. 162లో 54 శాతమంటే 87, 88 గెలుపులు. ఆ ఏడాది జట్టు గెలిచినవి సరిగ్గా 88. నేను డిపోటో వైపే నిలబడ్డాను. లెక్క తప్పు కాదు, ఏటా వంద కొట్టాలని ఎగబడి నారంతా అమ్ముకున్న జట్లు తర్వాత అయిదేళ్లు పస్తులుంటాయి, నిలకడ ముఖ్యం అని గంభీరంగా వాదించాను. ఏడాది తర్వాత మావాడు లెక్కల పరీక్షలో 91 తెచ్చుకున్నాడు. నా నోట్లోంచి ఏ మాట వచ్చుంటుందో మన ఇళ్లలో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ తొమ్మిదీ ఎక్కడ పోయాయి అన్నాను.

వాడు అరవలేదు. తాతయ్య ఫోన్ వచ్చేదాకా ఆగాడు. "తాతయ్యా, నాన్న టీంకి 54 చాలన్నాడు. నాకు 91 చాలదంట. తీర్పు చెప్పు."

ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. "మీ నాన్నకి మొదటిసారి ఎంసెట్‌లో ర్యాంకే రాలేదురా. విజయవాడలో లాంగ్‌టర్మ్ పెట్టించాం."

"లాంగ్‌టర్మా? ఎన్నేళ్లకి? గ్యారంటీ ఎంత?"

మా ఆవిడ వంటింట్లోంచి పగలబడి నవ్వింది. లాంగ్‌టర్మ్ అంటే కాంట్రాక్టు కాదనీ, ఒకే పరీక్షకి మళ్లీ ఏడాదంతా చదవడమనీ వాడికి చెప్పాల్సొచ్చింది. పొద్దున అయిదింటికి స్టడీ అవర్స్, ఇనప మంచాలు, ఆదివారం మాత్రం ఇంటికి ఫోన్. వాడు నవ్వడం ఆపేసి విన్నాడు. "మరి రీబిల్డ్ చేశారన్నమాట నిన్ను" అన్నాడు చివరికి. పైకోర్టుకి వెళ్లే ఓపిక లేక ఊరుకున్నాను.

2025 జులై చివర్లో జీనో తిరిగొచ్చాడు. మేరినర్స్ ముగ్గురు కుర్రాళ్లని అరిజోనాకి ఇచ్చి తెచ్చుకున్నారు. అందులో టైలర్ లాక్లియర్‌ని మేం ఎవరెట్‌లో చూశాం. నాన్నకి మాత్రం సందేహం. "నారమ్మి వరి కొన్నారు. ఈ కారు గడుస్తుంది, వచ్చే కారుకి ఏం నాటతారు?" పైగా జీనో వచ్చాక తడబడ్డాడు. రెండు జట్లకీ కలిపి ఆ ఏడాది 49 హోమ్ రన్లు కొట్టినా, సియాటెల్‌లో బ్యాటింగ్ సగటు .189, అంటే పదిసార్లలో రెండుసార్లు కూడా తగల్లేదు. మావాడు ఆ రెండు నెలలూ ఫోన్లో వాతావరణం గురించి మాట్లాడాడు.

అక్టోబరు 17, వరల్డ్ సిరీస్‌కి ముందు మెట్టైన అమెరికన్ లీగ్ ఛాంపియన్‌షిప్‌లో అయిదో ఆట, టొరంటో మీద. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా క్యాచర్ క్యాల్ రాలీ హోమ్ రన్‌తో స్కోరు సమం చేశాడు. ఆ ఏడాది లీగులో 60 కొట్టినవాడు కదా, అది ఆశ్చర్యం కాదు. ఆ తర్వాత బేసులన్నీ నిండి ఉండగా జీనో వచ్చాడు. గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. ఇల్లు అదిరింది. మా చిన్నమ్మాయి భయపడి ఏడ్చింది. మావాడు స్నేహితులెవరికీ మెసేజ్ పెట్టలేదు, తెల్లవారుజామున తాతయ్యని లేపాడు. "తాతయ్యా! కొట్టాడు! మనోడే, పొమ్మన్నోడే వచ్చి కొట్టాడు!" ఆ యాస గుంటూరు యాసే. వాడు ఊరికి వెళ్లింది మొత్తం మూడుసార్లు.

మూడు రోజుల తర్వాత ఏడో ఆటలో ఏడో ఇన్నింగ్స్ దాకా 3-1తో ముందుండి ఓడిపోయాం. దాని గురించి ఇంకా ఎవరం మాట్లాడలేదు.

2025 చివర్లో మళ్లీ చలికాలం. ఫస్ట్ బేస్ ఆడే జాష్ నేలర్‌ని అయిదేళ్లకి 92.5 మిలియన్లిచ్చి ఉంచుకున్నారు. జీనో అప్పటికి ఫ్రీ ఏజెంట్. ఒకరోజు ఫోన్లో నాన్న అడిగాడు: "మనోడి సంగతేంట్రా? ఉంచుకుంటారా?"

పదమూడేళ్ల వకీలు గొంతు సవరించుకున్నాడు. "వద్దు తాతయ్యా. ముప్పై నాలుగేళ్లొచ్చాయి. స్ట్రైకవుట్లు ఎక్కువ. ఆ డబ్బుతో పిచ్చర్లని తెచ్చుకోవాలి. నారుమడిలో థర్డ్ బేస్ కుర్రాళ్లున్నారు."

నేను కంచంలోంచి తలెత్తాను. అప్పుడు అన్నం మానేసింది వీడేనా? "నవ్వేవాడు, రోజూ ఆడేవాడు అన్నావు కదరా" అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. రెండేళ్లలో ఎప్పుడు మారిపోయామో, అటువాడు ఇటూ, ఇటువాడు అటూ కూర్చుని ఉన్నాం.

"ముప్పై నాలుగుకే ముసలోడైపోతే, డెబ్బై ఎనిమిదికి నా గతేంట్రా?" అన్నాడు నాన్న నవ్వుతూ. "నన్ను కూడా ట్రేడ్ చేసి అమెరికాలో పడేస్తారా?"

"నిన్ను చెయ్యలేరు తాతయ్యా. నీకు పదీ-అయిదూ ఉంది."

"అదేంటి?"

"పదేళ్లు లీగులో ఉండి, చివరి అయిదేళ్లు ఒకే టీంలో ఉన్నవాణ్ని అడక్కుండా ఎక్కడికీ పంపకూడదు. అతను రాను అనొచ్చు. రూలు అది."

నాన్న కాసేపు ఏమీ అనలేదు. వెనకాల గేదె అరుస్తోంది. "మీ నాన్నకి కూడా ఒకసారి గట్టిగా చెప్పు ఆ రూలు" అని, కుడితి పెట్టొస్తానని ఫోన్ గోడకి ఆనించి వెళ్లిపోయాడు. మాకు ఖాళీ కుర్చీ, దాని మీద తువ్వాలు కనిపిస్తూ ఉన్నాయి. మావాడు ఫోన్ పెట్టెయ్యలేదు.