మలయాళం గురుముఖి అయింది: పాత ఫైళ్ల లైన్ ముగింపుల పని ఎంతవరకు వచ్చిందంటే

పాత హార్డ్‌డిస్క్‌లోని టెక్స్ట్ ఫైళ్లన్నిటి లైన్ ముగింపులూ లినక్స్ పద్ధతిలోకి తేవడం మొదలుపెట్టి రెండు వారాలైంది. విండోస్ ఫైళ్లలో లైన్ చివర 13, 10 అనే రెండు బైట్లుంటాయి: క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్. లినక్స్‌కి 10 ఒక్కటే చాలు. మ్యాక్ ఓఎస్ 9 వరకూ పాత మ్యాక్‌లు 13 ఒక్కటే పెట్టేవి.

మొదటి వారం చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. ముందు 13-10 జంటను 10 చేయాలి, ఆ తర్వాతే ఒంటరి 13ను. వరుస తిరగబడితే ప్రతి లైన్ కిందా ఒక ఖాళీ లైన్ పుడుతుంది. ఫైల్‌ను బైట్లుగా తెరిచాను. టెక్స్ట్‌గా తెరిస్తే పైథాన్ తనంతట తానే ముగింపులన్నీ 10 చేసి ఇస్తుంది, అసలు ఏముందో కనబడదు.

ఇంగ్లిష్ ఫైళ్లు సాఫీగా అయిపోయాయి. ఒక తెలుగు ఫైల్‌లో మాత్రం లైన్ల మధ్య ఖాళీలొచ్చాయి. మలయాళం లిపి నేర్చుకుంటూ రాసుకున్న ఫైల్ తెరిస్తే మొత్తం గురుముఖి, అంటే పంజాబీ రాసే లిపి! ఎంతసేపు చూశానో.

రెండూ యూటీఎఫ్-16 ఫైళ్లు. అన్ని లిపుల అక్షరాలకూ యూనికోడ్ ఇచ్చిన సంఖ్యల్ని బైట్లుగా దాచే ఒక పద్ధతి అది. అందులో ఈ లిపుల అక్షరం ఒక్కొక్కటీ రెండు బైట్లు. మలయాళం అక్షరాల్లో పై బైటు 13, గురుముఖిలో 10. నా స్క్రిప్ట్ ప్రతి 13నూ 10 చేసేసింది. యూనికోడ్‌లో భారతీయ లిపుల్ని ఇస్కీ (భారతీయ లిపుల పాత కోడ్ ప్రమాణం) క్రమంలోనే అమర్చారు కాబట్టి మలయాళం 'క' పోయి గురుముఖి 'క'యే వచ్చింది. తెలుగుకి పై బైటు 12 కావడంతో అక్షరాలు బతికాయి. లైన్ చివర 13కూ 10కీ మధ్య సున్నా బైటు ఉండటంతో జంట దొరక్క, రెండూ విడివిడి ముగింపులయ్యాయి. తెలుగుకి దెబ్బ తగిలేది ఎదురు దిశలో, లినక్స్ నుంచి విండోస్‌కి మార్చేటప్పుడు: 'ఊ' అంటే 12, 10. ఆ 10 ముందు 13 దూర్చితే అక్కణ్ణుంచి బైట్లన్నీ ఒక స్థానం జరిగిపోతాయి.

ఇప్పుడు ఫైల్ మొదటి రెండు బైట్లు 255, 254 అయితే, అది యూటీఎఫ్-16కి గుర్తు కాబట్టి, ముందు యూటీఎఫ్-16గా డీకోడ్ చేసి, అక్షరాల స్థాయిలో ముగింపులు మార్చి, యూనికోడ్‌కే మరో పద్ధతైన యూటీఎఫ్-8లో దాస్తున్నాను. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లూ 127కి పైనే, 13కీ 10కీ చోటే లేదు. అసలు ఫైళ్లు విడిగా ఉంచడం వల్ల మలయాళం ఫైల్ చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది.

మొదట్లో ఆ 255, 254 గుర్తు లేని యూటీఎఫ్-16 ఫైళ్లు కొన్ని మిగిలాయి. వాటిలో సున్నా బైట్లు లెక్కపెట్టి పట్టుకోవాలి. మార్పిడి తర్వాత పాత తేదీలు తిరిగి పెట్టడం కూడా రాయాలి.