ఒక రాత్రి బసకు 82 డాలర్లు

2023 జనవరిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌లో 25 అడుగుల ఆర్వీ, అంటే పడకలూ వంటగదీ ఉన్న బండి, ఒకటి అద్దెకు తీసుకుని బయలుదేరినప్పుడు, ఇల్లు మనతోనే వస్తోంది కనుక బసకు పెద్దగా ఖర్చుండదని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం మొదటి రాత్రికే చెదిరింది. ఊరి చివర ఉన్న ఒక ఆర్వీ పార్కుకు రాత్రి ఎనిమిదింపావుకు చేరి, ఉదయం ఆరున్నరకు బయటపడ్డందుకు పన్నుతో కలిపి 82 డాలర్లు కట్టాం. మాకు దక్కినది బండి పట్టేంత కంకర నేల, ఒక కరెంటు ప్లగ్గు, ఒక నీళ్ళ కుళాయి, మురుగు పైపు తగిలించుకునే గొట్టం. ఈతకొలను, ఆటల గది కూడా ఉన్నాయని కౌంటరులో చెప్పారు కానీ, మేము భోజనాలు ముగించేసరికే వాటికి తాళాలు పడ్డాయి.

ఆ రాత్రి మావారు మంచం మీద కూర్చుని లెక్క వేశారు. మా బండిది 30 ఆంపియర్ల కనెక్షను. 120 వోల్టుల దగ్గర అది గంటకు 3.6 యూనిట్లకు మించి లాగలేదు. పది గంటలూ ఆపకుండా లాగినా 36 యూనిట్లు, యూనిట్టుకు 15 సెంట్లు వేసుకున్నా 5 డాలర్ల 40 సెంట్లు. మిగిలిన సొమ్మంతా నేలకూ, మురుగునీటి ఏర్పాటుకూ, మేము చూడనైనా చూడని ఈతకొలనుకూ పోయిందన్నమాట. పార్కు నడిపేవారికీ భూమి పన్ను, బీమా ఉంటాయనీ, ఎండలు మండే నెలల్లో ఖాళీగా పడి ఉండే స్థలాల ఖర్చును చలికాలంలోనే రాబట్టుకోవాలనీ నాకు తెలుసు. అయినా వారం రోజులు ఉండేవారికి రాత్రి ధర తగ్గించి, నిద్రపోయి వెళ్ళిపోయేవారి దగ్గర పూర్తి ధర తీసుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. కాశీయాత్రలో సత్రాలలో పడుకున్న మా అత్తయ్యగారు, చాప పరుచుకున్నంత మేర నేలకు ఆ రోజుల్లో ఎవరూ డబ్బు అడగలేదని చాలాసేపు చెప్పుకొచ్చారు.

ఆ కోపంతోనే రెండో రోజు ఉచిత స్థలం వెతికాం. ఎడారిలోని ప్రభుత్వ భూమి చాలావరకు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అధీనంలో ఉంటుంది. అందులో చాలా చోట్ల 28 రోజుల వ్యవధిలో 14 రోజుల వరకు రుసుము లేకుండా బండి నిలుపుకోవచ్చు. మేము మ్యాపులో ఎంచుకున్న చోటు హైవే నుంచి 22 మైళ్ళు లోపలికి ఉంది. అంత నిశ్శబ్దాన్ని నేను అంతకుముందు ఎరగను. కానీ తెల్లవారుజామున మూడు గంటలకు హీటరు ఫ్యాను చప్పుడు సన్నగిల్లుతూ వచ్చి ఆగిపోయింది. హీటరు మండేది ప్రొపేన్‌తోనే అయినా, వేడిగాలిని తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. అత్తయ్యగారికి రెండు రగ్గులు కప్పి, బ్యాటరీ నిండేదాకా మూడు గంటలు జనరేటరు నడిపాం.

అద్దె ఒప్పందం ప్రకారం జనరేటరుకు గంటకు 4 డాలర్లు, పరిమితి దాటిన ప్రతి మైలుకు 35 సెంట్లు. పోనురాను 44 మైళ్ళకు 15 డాలర్ల 40 సెంట్లు, గ్యాలనుకు 8 మైళ్ళే ఇచ్చే ఆ బండికి అయిదున్నర గ్యాలన్ల పెట్రోలు, అంటే 22 డాలర్లు, జనరేటరుకు 12. ఉచితం అనుకున్న రాత్రికి 49 డాలర్ల 40 సెంట్లయింది.

మూడో రోజు క్వార్ట్‌సైట్ చేరాం. ఫీనిక్స్ నుంచి ఐ-10 హైవే మీద పడమటికి వెళ్తే కాలిఫోర్నియా సరిహద్దుకు కాస్త ముందు వచ్చే ఈ చిన్న ఊరి చుట్టూ చలికాలంలో ఎడారి అంతా ఆర్వీలే కనిపిస్తాయి. ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా, బ్యూరో వారు 1983లో మొదలుపెట్టిన దీర్ఘకాలిక విడిది పథకంలోని స్థలం. మేము వెళ్ళిన ఏడాది సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండడానికి అక్కడి పర్మిటు 180 డాలర్లు, 14 రోజులకైతే 40 డాలర్లు. కరెంటు, ఈతకొలను లేవు. మంచినీళ్ళు పట్టుకునే చోటు, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు, చెత్త వేసే చోటు ఉన్నాయి.

మా పక్కన మిన్నెసోటా నుంచి వచ్చిన వృద్ధ దంపతులు ఉండేవారు. ఆయన రిటైరైన వెల్డరు. మా లెక్కలు విని లోపలికి వెళ్ళి, అట్ట చివరలు నలిగిపోయిన ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చి మావారి చేతిలో పెట్టారు. అందులో ప్రతి రాత్రికీ ఒక వరుస ఉంది: అద్దె, దారి మళ్ళిన మైళ్ళు, ప్రొపేన్, నీళ్ళు, మురుగు. అయిదు గళ్ళలో అద్దె గడి చాలా చోట్ల ఖాళీగా ఉంది కానీ, మిగతా నాలుగింటిలో ఏదో ఒకటి నిండని వరుస లేదు. వాళ్ళిద్దరూ 40 గ్యాలన్ల నీళ్ళను తొమ్మిది రోజులు వాడుకుంటారట. మేము ముగ్గురం రెండు రోజుల్లో ఖాళీ చేశాం. నీళ్ళు అయిపోయినా, మురుగు ట్యాంకు నిండినా ఆ చోటు వదిలి కదలక తప్పదు, కదిలిన ప్రతిసారీ పెట్రోలు, మురుగు ఖాళీ చేసే రుసుము పడతాయి. అందుకే ఏ స్థలమైనా రాత్రికి ఎంత అని కాక, ట్యాంకు నిండేదాకా ఎంత అని చూడాలని ఆయన చెప్పారు. అంట్లు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగడం ఆయన భార్య నాకు నేర్పింది.

ఒక్క రాత్రి ఉండాలనుకున్నవాళ్ళం 40 డాలర్ల పర్మిటు తీసుకుని అయిదు రాత్రులు ఉండిపోయాం. రాత్రికి 8 డాలర్లు పడింది. శాన్ డియేగో సముద్రం చూడాలన్న ఆలోచన మానుకున్నాం.

తిరుగు దారిలో చివరి రాత్రి ఒక పెద్ద దుకాణం పార్కింగులో ఆగాం. వాల్‌మార్ట్ వంటి దుకాణాలలో ఈ అనుమతి ఆయా మేనేజర్ల చేతిలోనూ, ఊరి చట్టం మీదా ఉంటుంది కనుక, ముందు లోపలికి వెళ్ళి అడిగాం. దూరపు అంచున నిలుపుకుని ఉదయం ఏడింటికల్లా వెళ్ళిపొమ్మన్నారు. అడిగి ఊరికే రాలేక పాలు, కూరలు, అత్తయ్యగారికి మందపాటి మేజోళ్ళు కొన్నాం; బిల్లు 63 డాలర్లు. చీకటి పడేదాకా చూస్తే, అక్కడ ఆగిన ప్రతి ఆర్వీ నుంచి ఎవరో ఒకరు వెళ్ళి సంచులతో తిరిగి వచ్చారు.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు ట్యాంకులు ఖాళీగా ఉండాలని నిబంధన. లా పోసాలో ఖాళీ చేసుకునే బయలుదేరాం కనుక లోపల ఉన్నది ఒక్క రాత్రి మురుగే, అయినా దారిలోని ట్రక్ స్టాపులో దానికి 15 డాలర్లు తీసుకున్నారు. ఆ 63 డాలర్లు ఎలాగూ తినేవాటికీ తొడుక్కునేవాటికీ పెట్టినవే కనుక లెక్కలోకి రావని అత్తయ్యగారు అన్నారు, నేనూ ఒప్పుకున్నాను. ఈ 15 మాత్రం బస ఖర్చేనని మావారు పట్టుబట్టి మా లెక్కల చివరి వరుసలో రాశారు: ఎనిమిది రాత్రులకు 186 డాలర్ల 40 సెంట్లు, అందులో 82 మొదటి రాత్రివే.