జర్మనీలో లాప్‌టాప్, ఇండియా టైములో దాని గడియారం: ఉబుంటులో ప్యాకేజీలు ఎక్కనప్పుడు, దిగనప్పుడు

జర్మనీకి ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లల్లో చాలామందికి మొదటి సంపాదన యూనివర్సిటీలోనే దొరుకుతుంది. ప్రొఫెసర్ దగ్గర గంటల లెక్కన చేసే ఆ పనిని ఇక్కడ హీవీ అంటారు. ఆ ల్యాబుల్లో, తర్వాత చేరే ఆఫీసుల్లో, టేబుల్ మీద తరచుగా కనిపించేది ఉబుంటు, విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌కి అలవాటుపడ్డ చేతికి కీబోర్డు కొత్త, మెసేజ్‌లు జర్మన్‌లో వస్తాయి, పక్కవాణ్ణి అడగడానికి మొహమాటం. ఏదైనా ఇన్‌స్టాల్ కాకపోతే నెట్‌లో మొదట కనబడ్డ కమాండ్ తెచ్చి అతికిస్తారు. అది ఇంకోదాన్ని చెడగొడుతుంది. సాయంత్రానికి అసలు సమస్య ఏదో, మనం తెచ్చిపెట్టుకున్నదేదో తేలదు.

ఉబుంటులో ప్యాకేజీల్ని, అంటే ప్రోగ్రాముల మూటల్ని, ఎక్కించే, దించే కమాండ్ ఆప్ట్. అది ఏం చెబుతోందో చదవడం దగ్గరే సగం పని ఉంది. చదవాల్సింది చివరి లైను కాదు, మొదటి ఎర్రర్ లైను. చివర వచ్చే "సబ్-ప్రాసెస్ డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)" అన్న మాటలో సమాచారమేమీ లేదు, ఏదో తప్పిందని మాత్రమే అర్థం (డీపీకేజీ అంటే ఆప్ట్ వెనక ఉండి ప్యాకేజీల్ని నిజంగా ఎక్కించే ప్రోగ్రాం). పైకి జరిపి చూడండి, ఏ ప్యాకేజీ దగ్గర ఆగిందో అక్కడ ఉంటుంది. మెషీన్ జర్మన్‌లో మాట్లాడుతుంటే కమాండ్‌ని "సుడో ఎల్‌సీ_ఆల్=సీ ఆప్ట్ ఇన్‌స్టాల్" అని మొదలుపెట్టండి (సుడో అంటే అడ్మిన్ హక్కుతో నడపడం; ఎల్‌సీ_ఆల్‌కూ, ఆ సీకీ పెద్ద అక్షరాలు). ఆ ఒక్కసారికి మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో వస్తాయి. సిస్టమ్ భాష మార్చనక్కర్లేదు, ల్యాబులో మిగతావాళ్లకి ఇబ్బందీ ఉండదు.

ఇండియా నుంచి తెచ్చుకున్న లాప్‌టాప్‌కి తాను దేశం మారిన సంగతి తెలియదు. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం ఎంచుకున్న ఊరిని బట్టి డౌన్‌లోడ్ సర్వర్ ఖాయమవుతుంది. అందుకే ఆఖెన్‌లో కూర్చున్నా అది "ఐఎన్.ఆర్కైవ్.ఉబుంటు.కామ్" నుంచే లాగుతుంటుంది. ఉబుంటు 24.04 వెర్షన్ కొత్తగా ఎక్కించిన మెషీన్లలో ఈ అడ్రసు "/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్.డి/ఉబుంటు.సోర్సెస్" ఫైల్లో ఉంటుంది, అంతకు ముందువాటిలో "/ఈటీసీ/ఆప్ట్/సోర్సెస్.లిస్ట్"లో. "ఐఎన్" ఉన్నచోట "డీఈ" పెట్టి "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొట్టండి. సెక్యూరిటీ లైనులో దేశం కోడ్ ఉండదు, దాన్ని ముట్టుకోవద్దు.

గడియారం సంగతి మాత్రం చాలామందికి తట్టదు. టైమ్‌జోన్ కోల్‌కతాలోనే ఉంచి, గడియారంలో కనిపించే అంకెల్ని చేత్తో బెర్లిన్ టైముకి తిప్పేస్తారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ సిస్టమ్ ఆ టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి అదే ప్రపంచ ప్రామాణిక కాలమనుకుంటుంది. నిజానికి తీయాల్సింది వేసవిలో రెండు గంటలు, చలికాలంలో ఒకటి. అంటే లాప్‌టాప్ లోలోపల వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనకబడి ఉంటుంది. అప్పుడు ఆప్ట్ "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్" అంటుంది, ఇంకా ఎంతసేపటికి చెల్లుబాటవుతుందో కూడా పక్కనే చెబుతుంది. సర్వర్లో ఇందాకే తయారైన ఫైలు మన గడియారం ప్రకారం ఇంకా పుట్టలేదు మరి. ఇది "అప్‌డేట్స్", "సెక్యూరిటీ" లైన్లకే ఎక్కువగా వస్తుంది. అసలు విడుదల తాలూకు ఫైలు ఆ వెర్షన్ వచ్చిన రోజే గట్టిపడిపోయింది కాబట్టి దానికి ఈ బాధ లేదు. మందు రెండు కమాండ్లు: "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ యూరప్/బెర్లిన్", ఆ వెంటనే "సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ". మొదటిదాంట్లో ఊరి పేర్లు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి.

ఈ మందు తెలియక ఎర్రర్ ఇచ్చిన ఆ రెండు లైన్లనీ ఫైల్లో కామెంట్ చేసేసేవాళ్లున్నారు, అంటే ముందు # గుర్తు పెట్టి పనిచేయకుండా చేస్తారు. ఎర్రర్ పోతుంది. కొన్ని వారాల తర్వాత "డెవ్" అని ముగిసే ఏదో ప్యాకేజీ (ఒక లైబ్రరీతో ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లుండేది) అవసరమవుతుంది, అప్పుడు "అన్‌మెట్ డిపెండెన్సీస్", అంటే దానికి కావాల్సిన మరో ప్యాకేజీ కుదరడం లేదన్న ఎర్రర్, మొదలవుతుంది. మెషీన్లో ఉన్న లైబ్రరీ ఎప్పుడో అప్‌డేట్స్ నుంచి వచ్చిన కొత్తది. ఇప్పుడు కనిపిస్తున్న డెవ్ ప్యాకేజీ మొదటి విడుదల నాటి పాతది. డెవ్ ప్యాకేజీకి తన లైబ్రరీ అచ్చంగా అదే వెర్షన్‌లో ఉండాలి, కొత్తదైనా ఒప్పుకోదు. ఇక్కడ లైబ్రరీని బలవంతంగా తీసేయబోతే దాని మీద నిలబడ్డ సగం డెస్క్‌టాప్ వెంట వెళ్తుంది. "ఆప్ట్ పాలసీ" తర్వాత లైబ్రరీ పేరు కొట్టి చూడండి. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్, ఇప్పుడు దొరికే వెర్షన్, ఏది ఏ సర్వర్ నుంచి వస్తుందో వరసగా చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అయినదానికి ఏ సర్వరూ కనబడకపోతే ఆ లైను ఎక్కడో మూసేశారని అర్థం. కామెంట్ తీసి అప్‌డేట్ కొడితే చిక్కు విడిపోతుంది. లైన్లన్నీ సరిగ్గానే ఉంటే అప్పుడు పాత పీపీఏని (బయటివాళ్లు సొంతంగా పెట్టే ప్యాకేజీల భాండాగారం) అనుమానించండి. 22.04 రోజుల్లో చేర్చిన పీపీఏ 24.04కి మారాక పనికిరాదు. "పీపీఏ-పర్జ్" అనే చిన్న ప్యాకేజీ దాన్ని తీసేసి, అందులోంచి వచ్చినవాటిని ఉబుంటు సొంత వెర్షన్లకి తిప్పుతుంది.

రైల్లోనో హోటల్లోనో వైఫైకి తగిలించి అప్‌డేట్ కొడితే "క్లియర్‌సైన్డ్ ఫైల్ ఈజంట్ వాలిడ్, గాట్ నోస్‌ప్లిట్" అనే వింత మాట రావచ్చు. ప్యాకేజీల జాబితా అడిగితే వైఫైవాడు లాగిన్ పేజీ చేతిలో పెట్టాడన్నమాట. బ్రౌజర్ తెరిచి షరతులకి ఒప్పుకుని మళ్లీ ప్రయత్నించండి. ఆఫీసులో కథ తిరగబడుతుంది: బ్రౌజర్ బాగానే నడుస్తుంది, ఆప్ట్ నడవదు. ప్రాక్సీ (ఆఫీసు నుంచి నెట్‌కి వెళ్లే దారిలో ఉండే మధ్యవర్తి సర్వర్) మీ యూజర్‌కి సెట్ అయి ఉంటుంది, సుడో ఆ సెట్టింగుని సాధారణంగా తనతో తీసుకెళ్లదు. దాన్ని "/ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి" ఫోల్డర్లో ఒక ఫైలుగా "ఎక్వైర్::హెచ్‌టీటీపీ::ప్రాక్సీ" పేరుతో రాయాలి. ఇంటికెళ్లాక అదే లాప్‌టాప్‌లో ఆప్ట్ మొరాయిస్తే కారణం ఆ ఫైలే.

కీబోర్డు గురించి రెండు ముక్కలు. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారు. కొనసాగించమంటారా అని ఆప్ట్ అడిగినప్పుడు అలవాటు కొద్దీ వై ఉండే చోట కొడితే జెడ్ పడి పని ఆగిపోతుంది. ఉత్త ఎంటర్ కొట్టండి, అవునన్నట్టే. స్లాష్‌కి షిఫ్ట్‌తో 7, పైప్ గుర్తుకి ఆల్ట్‌జీఆర్‌తో ఎడమ షిఫ్ట్ పక్కనున్న కీ. ఎన్విడియా డ్రైవరో వర్చువల్‌బాక్సో ఎక్కించేటప్పుడు, సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని అడ్డుకునే సెట్టింగు) ఆన్‌లో ఉంటే, ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర మీద అదే మళ్లీ అడుగుతుంది. ఆ తెర సాధారణంగా అమెరికన్ కీబోర్డు వరసనే ఎరుగును. వై గానీ జెడ్ గానీ గుర్తులు గానీ ఉంటే మీ పాస్‌వర్డు తప్పంటుంది. ఎనిమిది అంకెలు పెట్టుకోండి, గొడవుండదు.

పొద్దున్నే మెషీన్ ఆన్ చేసి ఏదో ఇన్‌స్టాల్ చేయబోతే "కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తుంది. ఉబుంటు తనంత తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకునే టైము ఉదయం ఆరుకీ ఏడుకీ మధ్య. ఆ వేళకి లాప్‌టాప్ ఆపేసి ఉంటే ఆన్ చేసిన కాసేపటికే మొదలెడుతుంది, అంటే సరిగ్గా మీరు పనిలో కూర్చునే వేళకి. ఎవరు పట్టుకున్నారో ప్రాసెస్ నంబరుతో సహా ఆ మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ పేరు "అన్అటెండెడ్" అని మొదలైతే కాఫీకి వెళ్లి రండి. లాక్ ఫైలుని డిలీట్ చేయమని సలహా ఇచ్చే పేజీలు కోకొల్లలు. ఆ సలహా పాటించకండి. ఆ ఫైలు ఉండటం లాక్ కాదు, దాన్ని నడుస్తున్న ప్రాసెస్ పట్టుకుని ఉండటం లాక్. డిలీట్ చేస్తే మీ ఆప్ట్ కొత్త ఫైలు సృష్టించి దాన్ని పట్టుకుంటుంది, పాతది తన పని తాను చేస్తూనే ఉంటుంది, రెండూ ఒకేసారి డేటాబేస్‌లో రాస్తాయి.

మధ్యలో బ్యాటరీ అయిపోయి ఆగితే తర్వాతిసారి "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ" కొట్టమని అదే చెబుతుంది. కొట్టండి, ఆపైన "సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". ఇవి రెండూ "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అంటే "డీఎఫ్ -హెచ్ /బూట్" చూడండి. కంపెనీ లాప్‌టాప్‌లకి డిస్కు ఎన్‌క్రిప్షన్ దాదాపు తప్పనిసరి. ఎన్‌క్రిప్ట్ చేసిన ఉబుంటులో బూట్ విడి పార్టిషన్‌గా ఉంటుంది, అది చిన్నది. పాత కెర్నెళ్లు (కెర్నెల్ అంటే ఉబుంటుకి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) పోగుపడితే నిండిపోతుంది. మామూలుగా "సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్" చాలు. డీపీకేజీ సగంలో ఇరుక్కుని ఉంటే అదీ కదలదు. అప్పుడు "యూనేమ్ -ఆర్"తో ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో నోట్ చేసుకుని, దాన్ని వదిలేసి, అన్నిటికంటే పాతదాని "లినక్స్-ఇమేజ్", "లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా" ప్యాకేజీలు రెంటినీ ఒకే "సుడో డీపీకేజీ --పర్జ్" కమాండ్‌లో తీయండి. ఒకటి దిగితే చోటు దొరుకుతుంది, మిగతాది ఫిక్స్-బ్రోకెన్ చూసుకుంటుంది. బూట్ ఫోల్డర్లోకి వెళ్లి ఫైళ్లు చేత్తో తుడిచేస్తే మాత్రం డీపీకేజీ లెక్క ప్రకారం ఆ కెర్నెల్ ఇంకా ఉన్నట్టే.

తీసేయడంలో ప్రమాదం ఎక్కువ, జాగ్రత్త తక్కువ. రిమూవ్ అంటే ప్రోగ్రాం పోతుంది, సిస్టమ్‌లోని కాన్ఫిగరేషన్ ఉంటుంది. పర్జ్ అంటే అదీ పోతుంది. మీ హోమ్‌లోని ".కాన్ఫిగ్" ఫోల్డర్ రెంటికీ అతీతం. "మొత్తం తీసేసి మళ్లీ వేశాను, అదే క్రాష్" అనేవాళ్లు అక్కడే చూడాలి. ఆప్ట్ చూపించే "విల్ బి రిమూవ్‌డ్" జాబితా చదవకుండా ఎంటర్ కొట్టకూడదు. అందులో "ఉబుంటు-డెస్క్‌టాప్", "జీనోమ్-షెల్", "పైథాన్3" లాంటి పేరు కనిపిస్తే ఆపేయండి. "ఆప్ట్ -ఎస్ రిమూవ్" అంటే ఉత్తుత్తి రిహార్సల్, ఏదీ కదలదు. ఇక్కడో పాత ఉచ్చు చెప్పాలి. యాప్‌ఇమేజ్ ఫైళ్లు (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ప్రోగ్రాములు) నడవాలంటే ఫ్యూజ్ కావాలని చదివి 22.04లోనో తర్వాతివాటిలోనో "ఫ్యూజ్" అనే ప్యాకేజీ వేస్తారు. అది ఫ్యూజ్3ని గెంటేసి డెస్క్‌టాప్ భాగాల్ని వెంట తీసుకుపోగలదు. వేయాల్సింది "లిబ్‌ఫ్యూజ్2", 24.04లో దాని పేరు "లిబ్‌ఫ్యూజ్2టీ64". ఇప్పటికే పోగొట్టుకుని ఉంటే "/వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్" తెరవండి. ఏ కమాండ్‌కి ఏవేవి వచ్చాయో, పోయాయో తేదీతో సహా ఉంటుంది. పోయినవాటి పేర్లు అందులోంచే తీసుకుని తిరిగి వేసుకోవచ్చు.

యూనివర్సిటీ మెషీన్లో ఇవేవీ కుదరవు, సుడో ఇవ్వరు. ప్రయత్నిస్తే ఈ సంఘటన రిపోర్ట్ అవుతుందని బెదిరించవచ్చు. లాగ్‌లో ఒక లైను పడుతుంది, అంతే, వీసాకి వచ్చిన ముప్పేమీ లేదు. అడ్మిన్ ఫ్లాట్‌ప్యాక్ (ఆప్ట్‌తో పనిలేకుండా ప్రోగ్రాములు ఎక్కించే మరో పద్ధతి) వేసి ఉంటే "ఫ్లాట్‌ప్యాక్ ఇన్‌స్టాల్ --యూజర్"తో మీ హోమ్‌లోనే పెట్టుకోవచ్చు. ఒక్కో రన్‌టైమ్‌కి వందల ఎంబీలు పడతాయి కాబట్టి కోటా చూసుకోండి. పైథాన్ లైబ్రరీల్ని ఎక్కించే పిప్ కమాండ్ "ఎక్స్‌టర్నల్లీ-మేనేజ్డ్-ఎన్విరాన్మెంట్" అని తిరగగొడితే "పైథాన్3 -ఎం వెన్వ్" తర్వాత ఒక ఫోల్డర్ పేరిచ్చి అందులో వేసుకోండి. ఎర్రర్లో కనిపించే "--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్" పేరే దాని గుణం చెబుతోంది.

తెలుగు చదవడానికి "ఫాంట్స్-తెలు", "ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా", టైపు చేయడానికి "ఐబస్-ఎం17ఎన్" వేయాలి. వేశాక లాగౌట్ అయి మళ్లీ రావాలి, లేకపోతే కీబోర్డుల జాబితాలో తెలుగు కనబడదు. సుడో లేనిచోట ఫాంటు ఫైళ్లని హోమ్‌లో ".లోకల్/షేర్/ఫాంట్స్" ఫోల్డర్లో పడేసి "ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్" కొడితే చదవడానికి సరిపోతుంది. టైపు చేయడానికి మాత్రం అడ్మిన్‌ని అడగాల్సిందే. టికెట్‌లో మెషీన్ పేరు, ప్యాకేజీ పేరు, "ఆప్ట్ పాలసీ" చూపించింది, మొదటి ఎర్రర్ లైను నాలుగూ పెట్టండి. జర్మన్ రాకపోయినా ఇబ్బంది లేదు, ఇంగ్లిష్‌లో రాయండి. శుక్రవారం మధ్యాహ్నం దాటాక పంపితే జవాబు సోమవారమే.